కప్పు లేని చోటు

నస్పూర్ దగ్గరి బొగ్గుబాయిలో ఒకసారి కప్పు కూలబోతుంటే నా వీపు ఆనించి ఆపాను. లోపలున్న మనుషులంతా బయటపడేదాకా, దాదాపు అరగంట, ఆ బండ నా భుజాల మీదే ఉంది. మా కాలనీలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. ఎలా ఉంటుంది, ఇంటింటికీ వెళ్ళి చెప్పింది నేనే గదా.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి కొంచెం సర్దుకోవాలి. ఆ రోజు బండను ఆపింది నా వీపు కాదు, దాని కింద అంతకుముందే నిలబెట్టిన టేకు దుంగ. నేను ఆ దుంగను ఆనుకుని నిలబడ్డాను. అరగంట కూడా కాదు, అందర్నీ కేకేసి బయటికి పంపేంత సేపు. కేక మాత్రం నాదే. అందులో రవ్వంత కల్తీ లేదు.

మా వైపు బొగ్గుగనిని బాయి అంటాం. అందులో నేను సర్దారును. షిఫ్టు మనుషుల కన్నా ముందే లోపలికి పోయి, చేతికర్రతో పైకప్పును కొట్టి విని, ఇక్కడ పని చేయండి, అక్కడికి పోకండి అని చెప్పడం సర్దారు పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిన కప్పు గుల్ల చప్పుడు చేస్తుంది. నేను తల ఊపాకే మనుషులు అడుగుపెట్టేవాళ్ళు. నేను తల ఊపిన చోట ఒక్కడికీ గీత పడలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, పెంచడానికి ఇంకేం మిగల్లేదు కూడా.

రిటైరయ్యాక ఆ అలవాటు నాతోపాటు ఇంటికొచ్చింది. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు గొడుగు మొనతో పైకప్పును తట్టి చూస్తాను. కొత్త ఇంటివాళ్ళు కొందరు నేను తల ఊపితే మురిసిపోయేవారు, కొందరు ముఖం మాడ్చుకునేవారు. ముఖం మాడ్చుకున్న ఇళ్ళల్లో కూడా నేను కడుపునిండా తినే వచ్చాను.

గొడుగు అన్నాను గదా. ఏ కాలమైనా నా చేతిలో పొడుగు కాడ ఉన్న నల్ల గొడుగు ఉంటుంది. గడప దాటితే తెరుచుకుంటుంది. ఎవరో పెద్ద ఆఫీసరు నా ధైర్యానికి మెచ్చి ఇచ్చిన బహుమానమని కాలనీలో చెప్పుకుంటారు. చెప్పుకునేలా చేసింది నేనే. మంచిర్యాల మార్కెట్లో బేరమాడి కొన్నాను, గుడ్డా పుల్లలూ మారుస్తూ నెట్టుకొస్తున్నాను. మబ్బు లేని సాయంత్రం కూడా ఎందుకు పట్టుకు తిరుగుతానన్నది నా ఇంటిదానికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

పైగా ఎదుటివాళ్ళ భయాలను వెక్కిరించడం నాకు మంచి కాలక్షేపం. కాలనీ బజారులో గాజుల దుకాణం నడిపే దోస్తు ఒకడున్నాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, మాతో మా తెలుగే. ఆయనకు బుగ్గలంటే భయం. పిల్లలు ఊది ఆడుకునే రబ్బరు బుగ్గలు. ఏ ఇంట్లో పుట్టినరోజైనా ఆయన వీధి చివర నిలబడి, బుగ్గలన్నీ పగిలాయని కబురొచ్చాక వచ్చి కేకు తింటాడు. ఒకసారి నేను ఆయన దుకాణం ముందు నిలబడి ఒక ఎర్ర బుగ్గను మెల్లగా ఊదడం మొదలుపెట్టాను. ఆయన ముఖం బూడిద రంగుకు తిరిగి, గాజుల డబ్బాల మధ్యన కూలబడ్డాడు. కొంచెం తేరుకున్నాక అన్నాడు:

"సర్దార్ సాబ్, పామొస్తే కొట్టొచ్చు. కుక్కొస్తే ఉరకొచ్చు. గిది ఎప్పుడు పేలుతదో దీనికే ఎర్క లేదు. నేనేం జెయ్యాలె?"

గుండె ఉండాలె భాయ్ అని నా ఛాతీ చరుచుకుని చూపించాను. గొడుగు తెరుచుకుని ఇంటికొచ్చాను.

నిరుడు మా ఇంట్లోనే భయం వచ్చి కూర్చుంది.

నా కొడుకు కూడా బాయి మనిషే. నడుము దెబ్బతిని అన్‌ఫిట్ అయ్యాడు. మా బొగ్గు ఊళ్ళల్లో తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరీ పిల్లలకు వస్తుంది. ఇదివరకు కొడుకులే పోయేవారు, ఇప్పుడు బిడ్డలూ పోతున్నారు. మా మనుమరాలు కరీంనగర్‌లో డిగ్రీ చదివి వచ్చింది. ఆ నౌకరీ తనకే కావాలంది. మా వంశంలో బాయి దిగబోయే మొదటి ఆడపిల్ల అని నేను వీధంతా మిఠాయి పంచాను. ఊరంతా పంచానని తర్వాత చెప్పుకున్నాను.

ట్రైనింగులో తరగతి గది పాఠాలన్నీ ఇట్టే పట్టేసింది. అసలు సంగతి దిగేరోజు బయటపడింది. అందరితో పాటు బాయి ముందున్న మైసమ్మకు మొక్కింది, టోపీ పెట్టుకుంది, దాని మీది దీపం వెలిగించుకుంది. మాది ఏటవాలుగా నడిచి దిగే బాయి. దాని నోటిని దర్వాజ అంటాం. ఆ దర్వాజ దాటి నాలుగడుగులు వేసేసరికి పిల్లకు ఊపిరి అందలేదట. చేతులు చల్లబడి, చెవుల్లో హోరు పుట్టి, వెనక్కి తిరిగి బయటికి ఉరికింది. రెండోసారి దర్వాజ దాకా కూడా పోలేకపోయింది. ట్రైనింగు ఆఫీసరు మంచివాడే. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి వచ్చే బ్యాచితో దిగమన్నాడు. అప్పుడూ కాకపోతే తను చేయగలిగింది లేదన్నాడు. అంటే నౌకరీ పోయినట్టే.

ఆ సాయంత్రం వచ్చి నా మంచం పట్టెమీద కూర్చుంది.

"అందరు బాపు కోసం బాయికి పోతున్న అనుకుంటున్నరు తాతా. గాదు. నాకే కావాలె గీ నౌకరి. గా టోపీ పెట్టుకుంటే నాకు ఎంత మంచిగ అనిపించిందో." నావైపు తిరిగి అడిగింది. "నీకు ఎన్నడన్న భయమైందా?"

ఏమైనా చెప్పవలసిన సమయమంటూ ఉంటే అదే. నేను ఏం చెప్పాను? వీపుతో బండ ఆపిన కథ చెప్పాను. అరగంటను గంట చేశాను. మన రక్తంలో భయమన్న మాటే లేదు బిడ్డా అని ముగించాను. పిల్ల అవునన్నట్టు తల ఊపి లేచిపోయింది. మర్నాటి నుంచి నాతో మాట్లాడటం తగ్గించింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. మన రక్తంలో లేని భయం తనకెట్లా వచ్చిందని వాళ్ళ బాపమ్మను అడిగిందట, నేను వేరే రక్తమా అని.

బాపమ్మ అంటే నా ఇంటిది. ఆవిడ కోపం వస్తే అరవదు, గిన్నెలు మెల్లగా పెడుతుంది. ఆ రోజు గిన్నెలు అసలు చప్పుడే చేయలేదు. "పొల్ల గుండెల మీద బండ పెట్టినవు. నీ వీపు పెట్టి ఆపు ఇప్పుడు" అంది.

మనుమరాలి స్నేహితురాలు కరీంనగర్‌లో మనసు డాక్టరమ్మ పేరు చెప్పింది. ముగ్గురం బస్సెక్కి పోయాం. చిన్న క్లినిక్కు, చల్లని గది, గోడలకు లేత రంగులు. బెంచీ మీద మాలాంటివాళ్ళే మరికొందరు కూర్చున్నారు. నేను కూర్చోబోతూ అలవాటుగా గొడుగు ఎత్తి పైకప్పును తట్టాను.

గుల్ల చప్పుడు.

అటు నాలుగడుగులు వేసి తట్టాను, అక్కడా గుల్లే. ఇటు తట్టాను, ఇంకా గుల్ల. నా సర్వీసు మొత్తంలో ఈ మూల నుంచి ఆ మూల దాకా విడిపోయిన కప్పును చూడలేదు. ఇంక ఆలోచించలేదు. కాళ్ళూ చేతులూ ఆడకుండా కూర్చునే మనిషిని కాదు గదా. బాయిలో వేసిన కేకే వేశాను, అందరూ బయటికి పోండని. బెంచీ మీద వాళ్ళను జబ్బలు పట్టి లేపాను. చీటీలు రాసే అమ్మాయిని కుర్చీతో సహా లాగాను. లోపలి గదిలో డాక్టరమ్మ ముందు కూర్చుని ఏడుస్తున్న పెద్దమనిషి కూడా కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అందర్నీ వరండాలో నిలబెట్టి, చివర్న నేను బయటికి వచ్చాను. సర్దారు చివర్నే రావాలి.

డాక్టరమ్మ నా కూతురి వయసుది. కప్పుకేసి చూసింది, నాకేసి చూసింది. అది అసలు కప్పు కాదట. అందానికని స్లాబుకు జానెడు కిందుగా తీగలతో వేలాడదీసిన సుద్దపిండి పలకలట. ఫాల్స్ సీలింగు అంటారట. లోపలంతా ఖాళీ కాబట్టి ఎక్కడ కొట్టినా గుల్లే. అసలు కప్పు దానిపైన భద్రంగా ఉందని నెమ్మదిగా చెప్పింది. వరండాలో వాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఏడ్చిన పెద్దమనిషి కూడా నవ్వాడు. ఆయన్ను బాగుచేసిన ఘనతలో సగం నాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

మమ్మల్ని లోపలికి పిలిచాక ఆవిడ నవ్వుతూ, పేషెంటు ఎవరని అడిగింది. మనుమరాలిని చూపించాను. పిల్ల తన సంగతంతా చెప్పింది. చివర్న తలొంచుకుని, మా తాతకు భయమంటేనే తెల్వదు మేడం, నాకే ఎందుకిట్లా అని అడిగింది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. కప్పు కొట్టి చూడటం నీకు రోగం కాదు పెద్దాయనా అంది. అది నీ పనిలోంచి వచ్చిన జాగ్రత్త. తడతావు, వింటావు, నెమ్మదిగా కూర్చుంటావు. తర్వాత అడిగింది. బయట వాన లేదు, ఎండా తగ్గింది, మరి కిటికీలోంచి చూస్తే గొడుగు తెరుచుకుని వస్తున్నావేంటి?

ఆఫీసరు బహుమానం కథ ఎత్తుకున్నాను. ధైర్యం దగ్గరికి రాకముందే నా ఇంటిది అడ్డుపడింది.

"అమ్మా, గీయనకు ఆకాశమంటే భయం."

మనుమరాలు తలెత్తింది. ఇన్నేళ్ళు దాచింది ఆ చల్లని గదిలో ఒక్క ముక్కలో బయటపడింది. ఇంక దాచడానికేం లేదు కాబట్టి నేనే చెప్పాను. బాయిలో కప్పు ఉంటుంది. కర్రతో కొడితే జవాబు చెబుతుంది. ఆకాశాన్ని దేనితో కొట్టి చూడాలి? నెత్తిన ఏమీ లేని చోట నిలబడితే నాకు కాళ్ళ కింది నేల జారుతుంది. ఆకాశం మీద పడుతుందని కాదు. నేనే పైకి, దాంట్లోకి పడిపోతానని. అట్లా ఎవరూ పడరని నాకు తెలుసు. తెలిసినా అరచేతులు చెమటపడతాయి, గుండె గొంతులోకొస్తుంది. నెత్తిమీద గొడుగంత గుడ్డ ఉంటే చాలు, ఆగుతుంది.

దీనివల్ల ఏమేం వదులుకున్నావని అడిగింది డాక్టరమ్మ. పెద్దగా ఏం లేదన్నాను. నా ఇంటిది వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. ఎండాకాలంలో వాడకట్టంతా డాబాల మీద పడుకుంటే, దొంగలు వస్తారని చెప్పి నేను ఉడుకు గదిలోనే పడుకున్నది. గోదావరి స్నానానికి పోయి, ఇసుక మీద నడవలేక ఆటోలోనే కూర్చుని, ఆవిడ చెంబులో తెచ్చిన నీళ్ళు నెత్తిన చల్లుకున్నది. ఇచ్చోడ దగ్గర ఆవిడ తమ్ముడి పత్తి చేను చూడటానికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ రానిది. చివరిది నాకు గుచ్చుకుంది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనికి ప్రమోషను మీద పంపుతామంటే కాదన్నది. అది మొగోడి పని కాదు, ఎండలో మట్టి తోడుడు అని నేను కాలనీ అంతా చెప్పుకుని మీసం తిప్పాను. ఓపెన్‌కాస్టుకు కప్పు లేదు. అదీ అసలు సంగతి.

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది మాకు ముగ్గురికీ గుర్తుండిపోయింది. భయపడినంత మాత్రాన ఫోబియా కాదట. ముప్పు ఎంతో భయం అంతే ఉంటే దాని పేరు జాగ్రత్త. ముప్పు లేదని బుర్ర చెప్పినా ఒళ్ళు వినకపోవాలి. దాన్ని తప్పించుకోవడానికి మనిషి తన బతుకునే పక్కకు తిప్పుకుంటూ పోవాలి. అది నెలలూ ఏళ్ళూ వదలకుండా ఉండాలి. అప్పుడు అది ఫోబియా. మనుమరాలిది ఇంకా కొత్త భయం, పేరు పెట్టే తొందర లేదు, ఇప్పుడే దానికి ఎదురుపోతే ముదరదు అంది. మరి నాదేమిటని అడిగాను.

"నీది మాత్రం సిసలైన ఫోబియానే."

దాచడమెందుకు, నాకు లోపల్లోపల గర్వమనిపించింది. చిన్నా చితకా భయం కాదు, పుస్తకాల్లో ఉన్న లక్షణాలన్నీ ఉన్న అసలు సరుకు. కాలనీలో ఎవడికుంది?

మనుమరాలు కిసుక్కున నవ్వింది. ఆ నెలంతా మా ఇంట్లో వినిపించని నవ్వు అది. తర్వాత చాలాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది.

"ఇన్నేండ్లు గింత భయం బెట్టుకోని, నువ్వు రోజు బాయికి పోయచ్చినవా తాతా?"

బాయిలో కాదు బిడ్డా, బాయికి పోయే తొవ్వలోనే నా భయమంతా అన్నాను. ఇంటి నుంచి దర్వాజ దాకా గొడుగు కింద నడిచేవాణ్ణి. దర్వాజ దాటితే ప్రాణం లేచొచ్చేది. ఆ పిల్ల ఎక్కడ ఊపిరాడక వెనక్కి ఉరికిందో, సరిగ్గా అక్కడే నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి. చెన్నూరు వైపు పోయే బస్సు ఎదురొచ్చి హారన్ కొట్టాక మెల్లగా అంది. "అయితే నేను ఒక్కదాన్నే కాదన్నట్టు."

డాక్టరమ్మ చెప్పిన మందు చాలా మామూలుది. భయం ఉన్న చోటికి కొంచెం దగ్గరగా పోవాలి. ఉరకకుండా నిలబడాలి. భయం లేస్తుంది, పెరుగుతుంది, కాసేపటికి దానంతటది అలసి దిగుతుంది. అది దిగాకే వెనక్కి రావాలి. మర్నాడు ఇంకో అడుగు ముందుకు. ట్రైనింగు ఆఫీసరును అడిగి మనుమరాలు రోజూ దర్వాజ దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. నాకు కూడా పని పెట్టింది. ఆమె దర్వాజ దగ్గర నిలబడినన్ని రోజులు నేను కాలనీ ఫుట్‌బాల్ మైదానంలో గొడుగు లేకుండా నిలబడాలి. నువ్వు ఆగితే నేనూ ఆగుత అంది. ఆ మాట బెదిరింపో ఆసరానో నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, నేను ఆగితే పిల్ల నౌకరీ ఆగుతుంది.

మొదటి రోజు పొద్దున్నే మైదానం అంచున గొడుగు ముడిచి నా ఇంటిదాని చేతికిచ్చాను. సింహంలా నడిచాను. సింహం నాలుగు గజాలు పోయి గడ్డిలో చతికిలబడింది. రెండు చేతులా గడ్డి దుబ్బులు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. వదిలితే పైకి పోతానేమోనని. మనుమరాలు పక్కన నిలబడి, ఉరకకు తాతా, అది అలసిపోతది అంటూ ఉంది. ఆ గొంతులో వణుకు లేదని నేను ఆ స్థితిలో కూడా గమనించాను.

దుకాణం తెరవడానికి పోతూ గాజుల దోస్తు మమ్మల్ని చూశాడు. దగ్గరికొచ్చి, సర్దార్ సాబ్ గడ్డిలో ఏం వెతుకుతున్నారని అడిగాడు. ఉంగరం పడిపోయిందన్నాను. నాకు ఎన్నడూ ఉంగరం లేదు.

మనుమరాలు ఊరుకోలేదు. "ఉంగరం లేదు ఏం లేదు చాచా. మా తాతకు ఆకాశమంటే భయం. ఫోబియా. డాక్టర్ చెప్పింది."

ఆ మాటలో సిగ్గు లేదు. మా తాతకు మెడల్ వచ్చిందన్నట్టు చెప్పింది. నేను ఎర్ర బుగ్గను తలచుకుని, ఇప్పుడు ఈయన వంతు అనుకున్నాను. ఆయన నవ్వలేదు. చెప్పులు విడిచి నా పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"మీకు గిది. నాకు గది. ఇన్నొద్దులు నేనొక్కన్నే అనుకుని పరేషాన్ అయితి."

ఆ రోజు దుకాణం ఆలస్యంగా తెరిచాడు. నా భయం అలసిపోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. నిజం చెబుతున్నాను, కాసేపటికి అది దిగింది. పూర్తిగా కాదు. గడ్డి ఒక చేత్తో పట్టుకుంటే సరిపోయేంత.

ఇది జరుగుతూ ఉండగానే కొత్త బ్యాచి దిగేరోజు వచ్చింది. ఆ పొద్దున నా కొడుకు నడుము పట్టీ కట్టుకుని గేటు దాకా వస్తానన్నాడు గాని పిల్ల వద్దంది. తాతొక్కడు చాలంది. నేను గేటు బయట నిలబడ్డాను. మైసమ్మకు మొక్కి, మిగతావాళ్ళతో లైనులో నడిచిపోయింది. దర్వాజ దగ్గర ఆగింది. వెనకవాళ్ళు పక్కనుంచి లోపలికి పోతున్నారు, పిల్ల అక్కడే ఉంది. నేను కేక వేయలేదు. నా జీవితంలో వేయకుండా ఆపుకున్న కేక అదొక్కటే. చివరి మనిషి కూడా దాటిపోయాక, ఆమె ఒకసారి భుజాలు సర్దుకుని లోపలికి పోయింది. బయటికి ఉరికి రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను, రాలేదు.

షిఫ్టు అయ్యేదాకా నేను అక్కడినుంచి కదలలేదు. వాచ్‌మన్ కుర్చీ వేస్తానన్నా కూర్చోలేదు. టీ తాగాను, అది ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం దాటాక మనుషులు రావడం మొదలైంది. ముఖాల నిండా బొగ్గు, ఎవరెవరో గుర్తుపట్టలేం. ఇద్దరు ఆడపిల్లలతో గట్టిగా మాట్లాడుతూ వస్తున్నది మా పిల్లేనని నడక చూసి పోల్చుకున్నాను. ఉరికి వచ్చి నన్ను పట్టుకుంటుందనుకున్నాను. అట్లాంటిదేం చేయలేదు. ఆ పిల్లలకు నన్ను చూపిస్తూ, గీయనే మా తాత, సర్దార్, ఆకాశమంటే భయం అని చెప్పింది. వాళ్ళు నమస్తే పెట్టారు. తర్వాత నాతో చెప్పింది. లోపల మళ్ళీ ఊపిరి పట్టేసింది తాతా, రెండు చోట్ల. గోడకు చెయ్యానించి నిలబడ్డ. అందరు ముందుకు పోయిన్రు. అలసిపోయి అదే దిగింది. మళ్ల పోయి వాళ్ళను కలుసుకున్న.

రేపు మళ్ళీ పట్టేస్తే? అని అడిగాను.

"రేపు మళ్ల నిలబడుత."

ఈ మాట విని నేను ఏమన్నానో కాలనీలో చాలా రకాలుగా చెప్పాను. నిజానికి, డబ్బాలో అన్నం తిన్నావా అని మాత్రం అడిగాను. మా ఇంట్లో మూడు తరాల బాయి మనుషుల్లో, భయపడుతూ లోపలికి దిగింది ఈ పిల్లొక్కతే. భయం లేని చోటికి రోజూ పోయివచ్చిన నేను ధైర్యవంతుణ్ణని తిరిగాను. కొన్నింటిని పెంచి చెప్పలేం. ఉన్నదున్నట్టు చెప్పినా ఎక్కువే అనిపిస్తుంది.

ఆమె ఖాళీ టిఫిను డబ్బా నా చేతిలో పెట్టి, బస్సు పోతుందంటున్న ఆ ఇద్దరు పిల్లలతో కలిసి ముందు నడిచింది. డబ్బా పట్టుకుని వెనక నేను నడిచాను. తొవ్వలో ఎదురైనవాళ్ళు పలకరించినప్పుడల్లా, ఈ డబ్బా మా మనుమరాలిది, బాయి నుంచి వస్తున్నది అని అడగకుండానే చెప్పాను.